చదవని పన్నెండో గడి

నా సర్వీసులో చెట్లు నాటించాను, కొట్టించాను, కట్టెల దొంగల్ని పట్టుకున్నాను, జాలిపడి వదిలేశాను కూడా. ఇవన్నీ ఎవరైనా చేసేవే. కానీ ఒక చెరువు పక్షుల్ని మొత్తంగా, ఒక్క మధ్యాహ్నంలో, కలంతో మాయం చేసిన ఘనత మాత్రం మా జిల్లాలో నాకే దక్కింది. ఈ సంగతి చెబితే ఇప్పటి పిల్లలు నవ్వుతారు. నవ్వండి, నాకేం అభ్యంతరం లేదు. నవ్వడం అయ్యాక కాస్త మనసు పెట్టి వినండి. మీ చేతుల్లోనూ ఇప్పుడు ఫారాలున్నాయి. కాగితం మీద ఉన్నా కంప్యూటరులో ఉన్నా ఫారం ఫారమే.

అరవైల మొదట్లో మాట ఇది. నాకప్పుడు పాతికేళ్లు. నెల్లూరు టౌనులో పుట్టి, మిషను బడిలో చదివి, ఫారెస్టరుగా చేరి ఇంకా ఏడాది నిండలేదు. ఉద్యోగం ఖాయం కాలేదు. సూళ్లూరుపేటకు ఇవతల ఒక చిన్న ఊళ్లో మా ఆఫీసు. ఆఫీసంటే రెండు గదులు, ఒక వరండా, తలుపు పడని ఒక బీరువా. మా శాఖకు ఆ రోజుల్లో అటు వైపు అసలు పని కట్టెలే. పులికాట్ అవతల దీవిలో సరుగుడు పెంచడం, కొట్టించడం, పడవల మీద మద్రాసుకు పంపించడం. ఏ చెట్టును చూపించినా అది ఎన్ని బండ్ల కట్టె అవుతుందో ఠక్కున చెప్పేవాళ్లం. దాని మీద వాలిన పక్షి పేరేమిటని అడిగితే మాత్రం ఒకరి మొహాలు ఒకరం చూసుకునేవాళ్లం.

అట్లాంటి ఆఫీసుకు ఒక జూన్ నెలలో ఒక ఫారం వచ్చింది. విదేశాల్లో ఎక్కడో పెద్దలంతా కూర్చుని, లోకంలో ఏయే జంతువులు, ఏయే పక్షులు తరిగిపోతున్నాయో ఒక జాబితా రాయాలనుకున్నారట. మంచి ఆలోచనే, కాదనను. ఏ దేశానికా దేశం తన లెక్క పంపించాలన్నారట. ఆ మాట ఢిల్లీకి వచ్చింది. ఢిల్లీ హైదరాబాదును అడిగింది. హైదరాబాదు నెల్లూరును అడిగింది. నెల్లూరు మా రేంజరుగారిని అడిగింది. రేంజరుగారు గదిలోంచి వరండాలోకి తొంగిచూసి నన్ను అడిగారు. నేను అడగడానికి నా కింద సైకిలు తప్ప ఎవరూ లేరు. ఒక దేశం తన ప్రాణులకు ఎంత ముప్పుందో తేల్చుకునే పని అట్లా నా సైకిలు మీదికి వచ్చి పడింది.

ఫారంలో పన్నెండు గడులు. మొదటి గడిలో పక్షి పేరు, రెండో గడిలో చోటు. మూడో గడిలో, తనిఖీ చేసిన రోజున కంటికి కనపడిన సంఖ్య. నాలుగో గడిలో పదేళ్ల కిందటి సంఖ్య. పదేళ్ల కిందట నేను పరీక్ష తప్పకుండా చూడమని దేవుణ్ణి బతిమాలుకుంటూ ఉన్నాను, పక్షుల్ని లెక్కపెడుతూ లేను. ఆ తర్వాత తగ్గాయా, పెరిగాయా, ఎందువల్ల, ఎవరు వేటాడుతున్నారు, ఇట్లా సాగి సాగి, పన్నెండో గడిలో 'ఆ స్థలమందలి చెట్లను కాపాడవలసిన అవసరము కలదా' అని ఉంది. అడుగున, స్వయంగా చూసి రాసినట్టు నా సంతకం. సాక్షిగా ఆ ఊరి మనిషి ఒకరి సంతకం గానీ వేలిముద్ర గానీ. నెలాఖరులోగా నెల్లూరు చేరాలి.

మా రేంజరుగారు గుంటూరు వైపు మనిషి. చెడ్డవారు కాదు. లంచం ఎరగరు, కేకలు వేయరు, తొమ్మిదిన్నరకు బల్ల ముందు ఉండేవారు. ఆయనకు ఈ లోకంలో ఒకటే భయం, ఖాళీ గడి. పులి ఎదురొచ్చినా అంత భయపడేవారు కాదేమో.

"చూడవయ్యా, కంటికి కనపడింది రాయి, చెవికి వినపడింది రాయకు. ఒక్క గడి ఖాళీగా ఉన్నా నెల్లూరు వాళ్లు తిప్పి కొడతారు. తిరిగొచ్చిన కాగితం అంటూ నా సర్వీసులో లేదు," అన్నారు ఫారం చేతిలో పెడుతూ.

"ఈ ఎండల్లో పక్షులుంటాయాండీ?"

"ఉంటే ఉన్నాయని రాయి. లేకపోతే లేవని రాయి. అందులో కష్టమేముంది?"

అందులో కష్టమేముందో నాకు నాలుగు నెలలకు గానీ అర్థం కాలేదు.

మా పరిధిలో పక్షుల చెరువంటే అందరూ చెప్పేది ఒకటే. ఆ ఊరి పేరు ఇప్పుడు అనవసరం. చెరువులో పడమటి వైపు కడప చెట్లు గుంపుగా ఉంటాయి. మొదళ్లు నీళ్లలో మునిగినా చావని చెట్లు అవి. వానలు పడి చెరువు నిండాక ఆ చెట్ల మీద గూడబాతులు వచ్చి గూళ్లు కడతాయి. ముక్కు కింద సంచి వేలాడుతూ, నడిస్తే నవ్వొచ్చేటట్టు, ఎగిరితే నోరు తెరిచి చూసేటట్టు ఉండే పెద్ద పక్షులు. నేను వెళ్లింది జూన్ మూడో వారం, మిట్టమధ్యాహ్నం. చెరువు పగుళ్లిచ్చి ఉంది. చెట్లకింద పాత రెట్ట సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. పక్షి అన్నది లేదు.

తూము దగ్గర ఒక ముసలాయన కూర్చుని తాడు పేనుకుంటున్నాడు. చెరువు నీళ్లు ఎవరి పొలానికి ఎంతసేపు వదలాలో చూసే మనిషి, అటువైపు నీరుగట్టి అంటారు. తూము ఎత్తే ఇనపకడ్డీ ఆయన దగ్గరే ఉంటుంది. ఊళ్లో అందరూ ఆయన్ని తాతా అనో మామా అనో పిలిచేవాళ్లు. నేను వచ్చిన పని చెబితే ఆయన నా మొహంలోకి అదోలా చూశాడు.

"అదేంది సామీ, ఈ ఎండల్లో పక్షులు యాడుంటాయి? వానలు పడి చెరువు నిండితే గదా అయ్యి వచ్చేది!"

"ఎప్పుడొస్తాయి తాతా?"

"దీపావళికి ముందో ఎనకో. గూళ్లు కట్టి, పిల్లల్ని లేపి, ఎగరడం నేర్పించి, ఎండలు ముదిరే పొద్దుకి పోతాయి. మా తాత నాడు కూడా ఇంతే. నువ్వు కార్తీకంలో రా, కళ్లనిండా చూద్దువు గానీ."

ఆయన నాకు చాలా చెప్పాడు. పెళ్లి మేళం ఊళ్లోకి వచ్చేటప్పుడు కట్టకు ఇవతలే డోలు ఆపేస్తారట. దీపావళికి ఆ ఊళ్లో ఒక్క టపాకాయ పేల్చరట, పిల్లలు ఏడిస్తే పక్క ఊరికి తీసుకుపోయి కాల్పించుకుని వస్తారట. గూడులోంచి పిల్ల జారి పడితే ఎవరో ఒకరు ఈది వెళ్లి తిరిగి పెట్టాల్సిందేనట. ఇదంతా పుణ్యానికేనా అని అడిగాను.

"పుణ్యం అట్టుండనీ. ఆ పక్షులు చెట్టుమీంచి ఏసేదంతా నీళ్లలో పడతాది. ఆ నీళ్లు మా వరి కయ్యలకు పోతాయి. ఏరే ఎరువు మాకేం తెల్దు సామీ. ఆ చెట్లు లేకపోతే పక్షుల్లేవు, పక్షులు లేకపోతే మాకు పంట లేదు."

వింటున్నారా? ఒక ప్రాణిని ఎందుకు కాపాడాలో, దానికి ఏం కావాలో, ఎప్పుడు లెక్కపెట్టాలో, అన్నీ ఆయన ఒక చుట్ట కాలేలోపల చెప్పేశాడు. ఢిల్లీ నుంచి నా దాకా వచ్చిన ప్రశ్నకు జవాబు మొత్తం అదే. అదంతా నేను చెవులతో విన్నాను. చెవికి వినపడింది రాయకూడదని కదా నాకు చెప్పింది! అందుకని సైకిలు సీటు మీద ఫారం పెట్టుకుని మూడో గడిలో 'లేవు' అని రాశాను. నాలుగో గడిలో 'తెలియదు'. మిగతా గడుల్లో కూడా తెలియదు, లేదు, వర్తించదు అని నింపుకుంటూ పోయాను. పన్నెండో గడి దగ్గర కలం ఒక్క క్షణం ఆగింది. పక్షులే లేవని రాశాక చెట్లు కాపాడాలని ఎట్లా రాస్తాను? పై గడికీ కింది గడికీ పొంతన లేదని రేంజరుగారు పట్టుకోరూ? 'అవసరము లేదు' అని రాశాను. మిషను బడిలో నేర్పిన గుండ్రటి అక్షరాలతో, ముచ్చటగా రాశాను.

తాతకు మొదటి మూడు గడులూ చదివి వినిపించాను. ఆయన తలూపాడు. ఎండ మాడిపోతోంది. దాహం వేస్తోంది. మిగతాది చదవలేదు. స్టాంపు ప్యాడు తెరిచి ముందుకు పెట్టాను. ఆయన బొటనవేలు పంచెకు తుడుచుకుని, జాగ్రత్తగా ముద్ర వేశాడు. దారిలో తాగమని ఒక ముంత మజ్జిగ కూడా ఇచ్చాడు.

రేంజరుగారు ఫారం చూసి మురిసిపోయారు. పన్నెండుకు పన్నెండూ నిండి ఉన్నాయి. చెరువు మా శాఖది కాదు, తాలూకా ఆఫీసుది. కాబట్టి సమాచారం నిమిత్తం వాళ్లకూ ఒక నకలు పంపించారు. అది ఆయన పద్ధతి. ఎవరికీ ఏ నకలూ తక్కువ కాకూడదు.

మంచి పని అడిగితే మూడేళ్లకు కదలని ఫైళ్లు మన ఆఫీసుల్లో ఎన్ని లేవు! ఇది మాత్రం గుర్రం మీద పరుగెత్తింది. సంగతేమిటంటే, పులికాట్ గుల్లతో సున్నం కాల్చే బట్టీలకు కట్టె కావాలని, ఆ కడప చెట్లు కొట్టుకుంటామని ఒక కాంట్రాక్టరు ఎప్పటినుంచో తాలూకా ఆఫీసును అడుగుతున్నాడు. ప్రతి ఏడూ వాళ్లు మా ఆఫీసును అడగడం, పక్షులున్నాయి వద్దని మావాళ్లు చెప్పడం జరుగుతూ వచ్చింది. ఆ ఏడు అడగాల్సిన అవసరమే లేకపోయింది. నా నకలు అడగకముందే జవాబు చెప్పింది. అక్టోబరులో అనుమతి కాగితం వచ్చేసింది. నవంబరు ఆఖరులోగా చెట్లు కొట్టుకుని పోవచ్చు.

కొట్టుడు మొదలయ్యే రోజున ఏ గొడవా రాకుండా చూడమని నన్నే పంపించారు. ఇంకెవరున్నారు? నేను వెళ్లేసరికి ఊరంతా కట్ట మీద ఉంది. వానలు పడి చెరువులో నడుములోతు నీళ్లున్నాయి. గూడబాతులు అప్పటికే దిగడం మొదలుపెట్టాయి. నేను వాటిని సరిగ్గా చూడటం అదే మొదలు. ముక్కుల్లో పుల్లలు పట్టుకుని చెట్ల మీద తిరుగుతున్నాయి. కింద గొడ్డళ్లు పట్టుకుని పదిమంది మనుషులు.

కాంట్రాక్టరు నన్ను చూసి దగ్గరికి వచ్చాడు. "నన్ననేదేముండాది సార్, కాగితం నా చేతిలో ఉండాది," అన్నాడు. నిజమే, ఆయన్ని అనడానికేమీ లేదు.

కరణం ఆ కాగితాన్ని అందరికీ వినపడేటట్టు చదివాడు. దానికి కుట్టిన నకలు కూడా చదివాడు. పక్షులు లేవు. చెట్లు కాపాడవలసిన అవసరము లేదు. సాక్షి, ఈ ఊరి నీరుగట్టి, వేలిముద్ర. అంతా చదివాక కాగితం ఎత్తి పట్టుకుని ఆ ముద్ర చూపించాడు. ఫారెస్టరు సంతకం ఎవరిదని ఒక్కరూ అడగలేదు. ప్రభుత్వం సంతకం ఎవరిదైతే ఏమిటి? అందరూ తాత వైపు తిరిగారు.

చెరువు కింద ఆఖరి కయ్యలున్న ఒకామె, మొగుడు పోయాక తనే సేద్యం చేసుకుంటున్న మనిషి, ముందుకు వచ్చింది. "నీ వేలేనా మామా ఇది?"

"నా వేలే," అన్నాడు తాత.

"మా నోళ్లలో మన్ను కొట్టినావు గదా! ఎంత తాపించినారు నీకు?"

తాత నా వైపు చూశాడు. ఒక్కసారే చూశాడు. నా పేరు చెప్పలేదు, వేలెత్తి చూపించలేదు. నేనూ నోరు తెరవలేదు. ఖాయం కాని ఉద్యోగం ఒక పక్క, నెల్లూరులో నా జీతం మీద ఆధారపడిన మా అమ్మ ఒక పక్క, కారణాలకేం, కావలసినన్ని ఉన్నాయి. నేను సైకిలు హ్యాండిలు పట్టుకుని నిలబడ్డాను. వాళ్లు ఆయన చేతిలోంచి తూము కడ్డీ తీసేసుకున్నారు. ఆయన తండ్రి నుంచి ఆయనకు వచ్చిన కడ్డీ అది. ఆయన పొలాల మధ్య గెనిమ గట్టు మీదగా ఇంటికి నడిచిపోతుంటే ఒక్కరూ పక్కకు తప్పుకోలేదు, ఆయనే పొలంలోకి దిగి చుట్టూ తిరిగి పోయాడు. వెనకనుంచి మొదటి చెట్టు పడిన చప్పుడు వినపడింది.

నాలుగు రోజులు నాకు అన్నం సహించలేదు. ఐదో రోజు రేంజరుగారి ముందు నిలబడ్డాను.

"ఆ ఫారం తప్పండీ. ఇప్పుడు చెరువు నిండా పక్షులున్నాయి. దిద్ది పంపిద్దాం."

"అందులో తప్పేముంది? ఆ రోజు పక్షులున్నాయా?"

"లేవండీ."

"లేవని రాశావు. ఒప్పే కదా?"

"ఒప్పేనండీ. కానీ అవి జూన్‌లో ఉండవండీ, అక్టోబరులో వస్తాయి."

"అయితే వచ్చే ఏడు రాయి."

"వచ్చే ఏడు కూడా ఫారం జూన్‌లోనే వస్తుంది కదండీ!"

"అవును, జూన్‌లోనే వస్తుంది. అది వాళ్ల ఇష్టం," అన్నారాయన, ఇందులో ఇంత బాధపడాల్సిందేముందో తెలియనట్టు. "నీ రిపోర్టు నీవే తప్పంటే నీకు ఉద్యోగం ఎవరు ఖాయం చేస్తారయ్యా? పో, పోయి సరుగుడు లెక్క చూసుకో."

ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ సంభాషణ తలుచుకుంటే నాకు తల బాదుకోవాలనిపిస్తుంది. ఆయన అన్న ఒక్క మాటలో కూడా తప్పు దొరకదు. నా ఫారంలో కూడా పదకొండు గడుల్లో అబద్ధం లేదు. ఇంతమందిమి ఇన్ని నిజాలు చెప్పి ఒక చెరువును ఎట్లా నాశనం చేయగలిగామో ఎవరైనా నాకు చెబితే బాగుండు. దొంగతనం చేసి పాడుచేసి ఉంటే కనీసం ఎవర్నైనా తిట్టుకోవచ్చు.

ఆ ఆదివారం చర్చి మానేశాను. మా ఇంట్లో ఆదివారం చర్చి మానాలంటే కనీసం జ్వరమైనా ఉండాలి. సైకిలెక్కి తిన్నగా చెరువు దగ్గరికి పోయాను. కట్ట మీద పెద్ద రాద్ధాంతం జరుగుతోంది. తాత దగ్గర కడ్డీ లాక్కున్నారు గానీ, తూము సంగతి ఇంకెవరికీ సరిగ్గా తెలియదు. పై కయ్యల్లో నీళ్లు నిలిచి నారు కుళ్లుతోంది, కింది కయ్యలకు చుక్క అందడం లేదు. వానలు నిలిచిపోయి వారమైంది, నారుమళ్లకు తూము నీళ్లే దిక్కు. తాత దూరంగా, ఎవరికీ కానివాడిలా, చెరువు నిండితే నీళ్లు పొర్లిపోయే కలుజు మీద కూర్చుని ఉన్నాడు. అప్పటికి పడమటి అంచు చెట్లు ఒక వరస మొత్తం పడిపోయాయి. ఆదివారమని కూలీలు రాలేదు.

నేను అందరి మధ్యకూ వెళ్లి చెప్పేశాను. "ఆ కాగితం రాసింది నేను. ఆ సంతకం నాది. తాతకు చదువు రాదు. అందులో ఏముందో తెలియక, నేను వేయమన్నానని వేలిముద్ర వేశాడు. ఆయన్ని మోసం చేసింది నేను. తప్పు నాది."

నా లెక్క ప్రకారం అప్పుడు తాత కళ్లు తుడుచుకోవాలి. ఆయన లేచి గబగబా నా మీదికి వచ్చాడు.

"తెలీక ఏసినానని ఎవురు చెప్పినారు నీకు? ఆ పొద్దు పక్షుల్లేవు. లేవని చదివినావు. నిజమే గదా అని ఏసినా. నేనేం ఎర్రిబాగులోణ్ణి గాదు, ఎవురో ఏయమంటే ఏసేదానికి!"

"కాదు తాతా, నేనన్నది..."

"నువ్వన్నది ఇన్నాలే. ఆ చెట్లు అక్కర్లేదనే ముక్క ఉండాదే, అది యాడుండాది కాగితంలో?"

"ఆఖరున."

"అది నాకు చదివినావా?"

"లేదు."

"ఎందుకు చదవలా?"

ఎండగా ఉందని చెప్పనా? దాహం వేసిందని చెప్పనా? అవి నిజాలే. నిజాలు చెప్పడంలో నేను ఆరితేరినవాణ్ణి కదా! అసలు కారణం వేరు. చదువు రాని మనిషికి కాగితం మొత్తం చదివి వినిపించాలని నాకు తోచనేలేదు. ఆయన మాట నాకు అక్కర్లేదు, ఆయన వేలే కావలసివచ్చింది. ఈ మాట ఆ రోజు పైకి అనలేకపోయాను. ఇప్పుడు అంటున్నాను.

కింది కయ్యల ఆమె కడ్డీ తీసుకొచ్చి తాత ముందు పట్టుకుంది. "తీసుకో మామా. నోరు జారినా, మనసులో పెట్టుకోబాక."

తాత కడ్డీ తీసుకున్నాడు. చెరువు వైపు, మిగిలిన చెట్ల వైపు కాసేపు చూశాడు. "ఇప్పుడు నేనొక మాట జెప్తా, ఇష్టమైతే ఇనండి. తూము మూసేస్తా. పైనించి వాగు ఇంకా పారతా ఉండాది. పది దినాల్లో చెరువు మెడలోతుకు వస్తాది. మెడలోతు నీళ్లలో గొడ్డలి ఊపేవోడు ఇంకా పుట్టలా. వాళ్ల గడువు ఈ నెలే గదా, అది దాటేదాకా తెరవను. నారు ఎండిపోతాది. అందరిదీ ఎండిపోతాది, నాదీ ఎండిపోతాది. ఎండినాక నన్ననొద్దు."

ఆ మాట మీద గంటసేపు అరుచుకున్నారు. ఇప్పటి వాళ్లు రాసే పుస్తకాల్లో అయితే ఊరంతా ఒక్క గొంతుతో సరేనంటుంది. అక్కడట్లా జరగలేదు. చెట్లకోసం నారు చంపుకుంటామా అని కొందరు, చెట్లు పోతే నారుండి ఏం లాభమని కొందరు. అందరికంటే ఎక్కువ పోయేది కింది కయ్యల ఆమెకే. ఆమే చివరికి తేల్చింది. "ఒక ఏడు పస్తుంటా. ప్రతి ఏడూ పస్తుండలేను. మూసెయ్ మామా."

తాత తూము మూసేశాడు.

చెరువు పెరిగింది. పదకొండో రోజున కాంట్రాక్టరు మా ఆఫీసు వరండాలోకి వచ్చాడు. "మెడలోతు నీళ్లు సార్, కూలోళ్లు దిగేది లేదంటున్నారు. తూము ఎత్తించండి."

ఆయన చేతిలోని అనుమతి కాగితాన్ని తీసుకుని, రేంజరుగారికి వినపడేటట్టు, అక్షరం అక్షరం చదివాను. చెట్లు కొట్టుకోవచ్చని ఉంది. చెరువు ఖాళీ చేసి ఇస్తామని ఎక్కడా లేదు. లోపల్నుంచి రేంజరుగారు, "లేనిది మనం చేయలేమండీ," అన్నారు. ఆయన మీద నాకు ప్రేమ పుట్టింది ఆ ఒక్క రోజే. నవంబరు దాటింది, గడువు అయిపోయింది, కాంట్రాక్టరు వేరేచోట కట్టె చూసుకున్నాడు.

నారు సగానికి పైగా ఎండిపోయింది. కింది కయ్యల్లో ఆ ఏడు నాట్లు ఆలస్యంగా, పక్క ఊళ్లలో మిగిలిపోయిన ముదురు నారు తెచ్చి వేశారు. పంట అంతంతమాత్రం. కింది కయ్యల ఆమె తన ఇద్దరు బిడ్డల్ని ఆ ఏడాది విడవలూరులోని పుట్టింటికి పంపించాల్సి వచ్చింది. ఈ ముక్క చెప్పకుండా పక్షులు బతికాయని మాత్రం చెప్పుకుంటే అది మళ్లీ నా ఫారంలాగే అవుతుంది.

డిసెంబరులో బీరువాలో మిగిలిన ఖాళీ ఫారం ఒకటి తీసుకుని వెళ్లాను. ఎవరూ అడగలేదు. నెలాఖరు గడువూ లేదు. మూడు రోజులు కట్ట మీద కూర్చుని చెట్టు చెట్టుకీ గీతలు గీసుకుంటూ గూళ్లు లెక్కపెట్టాను. గీత గీసేలోపల రెండు ఎగిరేవి, మూడు వాలేవి. తాత పక్కన కూర్చుని, "ఆ కొమ్మ ఎనకది ఇడిచిపెట్టినావు," అని సరిచేస్తూ వచ్చాడు. లెక్క తేలాక పన్నెండు గడులూ నింపాను. స్టాంపు ప్యాడు తెరిచి ముందుకు పెట్టాను.

తాత రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు. "చదువు."

చదివాను. గూళ్లలో పిల్లల అరుపులతో చెవులు గింగురుమంటున్నాయి. నా మాట నాకే వినపడక గొంతు చించుకుని చదవాల్సి వచ్చింది. గడి సంఖ్యతో సహా, అచ్చులో ఉన్న ప్రశ్నతో సహా చదివాను. పన్నెండో గడి రెండుసార్లు చదివించుకున్నాడు.

"బాగుండాది. ముందు నువ్వెయ్యి."

"నా సంతకం ఉంది కదా తాతా, ఇదిగో."

"సంతకం గాదు. వేలు."

"మాకు వేలిముద్ర అక్కర్లేదు తాతా, చదువుకున్నవాళ్లం."

"చదువుకున్నోడివనే అడగతా ఉండా," అన్నాడు.

నేను బొటనవేలు సిరాలో అద్ది నా సంతకం పక్కన ముద్ర వేశాను. ఆయన దాన్ని కాసేపు పరీక్షగా చూసి, తర్వాత తన వేలు తుడుచుకుని, నా ముద్ర పక్కన తన ముద్ర వేశాడు.

రేంజరుగారు సెలవులో ఉన్న రోజు చూసి ఆ ఫారం నెల్లూరుకు పంపించాను. తాలూకా ఆఫీసుకు సమాచారం నిమిత్తం నకలు పంపించడం మాత్రం మరిచిపోలేదు, ఆ విద్య ఆయన దగ్గరే నేర్చుకున్నాను. ఆ చెట్లు కొట్టడానికి మళ్లీ ఎవరికీ అనుమతి రాలేదు. విదేశాల జాబితాలో మా చెరువు గురించి ఏం రాశారో నాకు ఇప్పటికీ తెలియదు. ఏ కాగితం ముందు చేరిందో, ఏది నమ్మారో ఎవరికి తెలుసు? నా ఉద్యోగం ఖాయం కావడం ఏడాది వెనక్కి పోయింది. మార్చిలో నెల్లూరు నుంచి ఒక మెమో వచ్చింది. ఒకే చెరువు మీద రెండు రకాల రిపోర్టులు ఎందుకు పంపానని అడుగుతారేమో, పక్షుల గురించి నాలుగు ముక్కలు రాయవచ్చని ఆశపడి విప్పాను. అందులో ఆ ఊసే లేదు. సంతకం చేయడం వచ్చిన ప్రభుత్వ ఉద్యోగి వేలిముద్ర ఎందుకు వేయవలసి వచ్చిందో వారం లోపల వివరణ ఇవ్వమని ఉంది.

రేంజరుగారు మెమో చూసి తల పట్టుకున్నారు. పొరపాటున పడిందని రాసి గండం గడుపుకోమన్నారు. నేను వరండాలో కూర్చుని వివరణగా ఒక్క వాక్యం రాసి సంతకం చేశాను: 'ఈసారి సాక్షికి కాగితం మొత్తం చదివి వినిపించాను కనుక.'